రామవ్వ నూనె

జూన్ 3, సోమవారం

డ్యూటీకి పోతుంటే బస్సుల ఒకామె నా మొకం తేరిపార చూసింది. "నువ్వు రామవ్వ కోడలివి గదా! వీడియోల నూనె సీస అందిస్తవ్ సూడు, గామెవే గదా!" అన్నది. అవునన్న. గప్పుడు ఆమె సూపు మెల్లగ నా నెత్తి మీదికి పోయింది. "మరి నీకెందుకు గట్లున్నయ్?" అన్నది. బస్సంత విన్నది. కండక్టర్ గూడ నవ్విండు.

నేనేం చెప్పాలె? నిరుడు డెంగీ వచ్చినంక నా ఎంటికలు సగం ఊడినయి, పాపిట తీస్తే నెత్తి తోలు కనవడుతదని బస్సుల అందరికి చెప్పాల్నా? మొకం కిటికీ దిక్కు తిప్పుకున్న. దవఖాన స్టాప్ వచ్చేదాక ఇటు తిరుగలే.

మా అత్తమ్మ రామవ్వకు అరవై దాటినయి. జడ ఇంక నల్లగనే ఉన్నది, మోకాళ్ల కిందికుంటది. ఆమె వాకిట్ల కూసోని దువ్వుకుంటుంటే మా ఆయన అరుణ్ ఒకనాడు ఉత్తగనే ఫోన్ల తీసి పెట్టిండు. గంతే, దునియా అంత ఎగవడ్డది. నూనె కంపెనోళ్లు ఇల్లు వెతుక్కుంట వచ్చిన్రు. గ్రానైట్ క్వారీల మంచి నౌకరి ఇడిసిపెట్టి మా ఆయన ఇప్పుడు తల్లి జడ మీద బతుకుతుండు. గీ మాట మొకం మీదంటే ఇంట్ల లొల్లి. అందుకే ఈడ రాసుకుంటున్న.

జూన్ 5

నేను గా నూనె వాడుతలేను. వాడ. రాసి పెట్టుకుంటున్న.

జూన్ 9, ఆదివారం

మా వాడ మొత్తం అదే వాసన. కిరాణం దుకాణంల నూనె అసలు పేరు ఎవలు చెప్తలేరు, "రామవ్వ నూనె ఇయ్యి" అంటున్నరట. దవఖానల నాతోని రిసెప్షన్ల కూసునే పిల్లలు అందరు ఒక్కతీరుగ పెట్టుకొని, ఒక్కతీరుగ జడేసుకొని వస్తున్నరు. ఎన్కకెళ్లి సూస్తే ఎవలు ఎవలో తెలుస్తలేదు.

పక్కింటి బుచ్చవ్వ గూడ తెచ్చుకున్నది. అత్తమ్మకు చిన్ననాటి దోస్తు. అత్తమ్మ నెత్తికి ఏం పెడ్తదో ఆమెకు తెల్వదా?

"అత్తమ్మ పెట్టేది నువ్వుల నూనెనే గదా బుచ్చవ్వా. నీకెర్కనే గదా" అన్న.

"ఎర్కనే పిల్లా. అయితేంది? ఊరంత పెట్టవట్టె. నేనొక్కదాన్నే పెట్టకుంటే నాకేదో తక్కువైనట్టుంటది."

కోపమొచ్చింది. ఎవల మీద కోపమో తెల్వది. ఎందుకంటే వీడియోల గొంతు నాది. "నెత్తి సల్లగ, జడ నల్లగ, మా అత్తమ్మ సంగతి గిదే!" రాసింది నేనే, సదివింది నేనే. గల్లీల పోరగాండ్లు పాట లెక్క పాడుకుంట ఉరుకుతుంటే మొదట్ల మస్తు సంబురపడ్డ, ఎందుకు దాసుకోవాలె. అత్తమ్మ మాత్రం వీడియోల నోరు ఇప్పలే. "నేను దువ్వుకున్న, కూసింది మీరు. నేనైతే అబద్ధమాడలే" అంటది. తెలివైందే.

మాపు బువ్వ తినేటప్పుడు ఆమె అరుణ్‌తోని అన్నది, "బిడ్డా, ఆషాఢం రాకముందే ఏములాడ రాజన్న గుడికి పోయొస్త. మొక్కు తీర్చుకోవాలె."

అరుణ్ చెయ్యి కంచంలనే ఆగింది.

నిరుడు నాకు ప్లేట్‌లెట్లు పడిపోయి ఐసీయూల పెట్టిన్రు. గప్పుడు అత్తమ్మ దవఖాన మెట్ల మీద కూసోని, కోడలు పాణంతోని ఇంటికొస్తే నా నెత్తి ఎంటికలన్ని నీకే ఇస్త రాజన్నా అని మొక్కిందట. ఆమె నాకు చెప్పలే. బుచ్చవ్వ చెప్తే తెలిసింది.

"జర ఆగవే అవ్వా" అన్నడు అరుణ్. "కంపెనీతోని రాసుకున్నం. ఏడాది దాక ఎంటికలు కత్తిరియ్యొద్దని ఉన్నదట అండ్ల."

"ఉన్నదటనా? నువ్వు సదువలేదా?"

"ఫోన్ల పంపిన్రు. కిందికనుకుంట పోయి ఓకే కొట్టిన. అందరు గట్లనే కొడ్తరే."

"నెత్తి నాది, ఓకే నీదా?" అన్నది అత్తమ్మ. కంచం తీసుకొని బయిటికి పోయింది.

జూన్ 12

కంపెనీ వనజ మేడం హైదరాబాద్‌కెళ్లి ఫోన్ చేసింది. మాట తేనె లెక్కుంటది ఆమెది. "సృజన గారూ, అమ్మగారి జుట్టే మా బ్రాండ్ అండీ. మొక్కంటే మాకూ గౌరవమే. కానీ కొంచెం వాయిదా వేసుకోమని మీరు చెప్పండి, మీ మాట కాదనరు. అన్నట్టు మీకోసం ఒక బాక్స్ పంపిస్తున్నాను."

వద్దన్న. పంపింది.

జూన్ 16

చెప్పిన. అరుణ్ రోజు నా పాణం తింటుండు, అందుకే చెప్పిన.

"అత్తమ్మా, రాజన్న ఏడికి పోతడు? మొక్కు వచ్చే యేడు తీర్చుకుందాం. గీ ఒక్క యేడు ఆగితే మనమొక తోవల పడ్తం."

ఆమె చిక్కుడుకాయలు తుంపుతుంది. తుంపుడు ఆపలే. "నువ్వు గా మంచం మీద సావుబతుకులల్ల ఉన్ననాడు రాజన్న గూడ వచ్చే యేడు సూద్దాం అన్నడా?" అన్నది.

ఆమె కోపంతోని గూడ అనలే, అదొక బాధ. నేను మంచికే చెప్పిన. ఇంటి కోసమే చెప్పిన. ఇండ్ల నా తప్పేం లేదు.

జూన్ 19

బాక్స్ ఇప్పిన, వాసన ఎట్లున్నదో సూద్దామని. జరంత పెట్టుకున్న. ఉత్తగనే. ఒక్కనాడు పెడితే వాడినట్టు గాదు.

జూన్ 24, సోమవారం

డ్యూటీకెళ్లి వచ్చేసరికి వాకిట్ల ఎవలో ముసలామె కూసున్నది. నున్నటి గుండు, గుండుకు గంధం. బుచ్చవ్వ పక్కపొంటి కూసోని ప్రసాదం పంచుతుంది. ఒక్క నిమిషం నాకు సమజే కాలే. చెవులు గంత పెద్దగ ఉన్నయని ఎన్నడు సూడలే నేను. మొకం మాత్రం చిన్నపిల్ల మొకం అయింది.

పొద్దుగాల అరుణ్ లేవకముందే ఇద్దరు ఆధార్ కార్డులు పట్టుకొని బస్సెక్కిన్రట. సర్కారు బస్సుల ఆడోళ్లకు టికెట్ లేదు గదా, పైసలకు ఇంకెవల్నడుగుతరు?

"ఎవల్నడిగి పోయినవే!" అని అరుణ్ వాకిట్లనే ఒర్రిండు. వాడ మొత్తం తొంగి చూసింది.

"మొక్కినప్పుడు ఎవల్నడిగినరా, పోయేటప్పుడు అడుగుతందుకు?"

నేను పోయి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టిన. సల్లగున్నది. "నొచ్చిందా అత్తమ్మా?" అంటే, "అల్కగైంది బిడ్డా" అన్నది. నాకు ఏడుపాగలే. నా కోసం ఇచ్చింది. మా అమ్మ గూడ నా కోసం గంత చెయ్యలే. ఇచ్చెటామెను ఆగుమన్న నేను. నా మొకం పాడుగాను.

జూన్ 25

అరుణ్ పొద్దటి సంది అన్నం ముట్టలే. కంపెనోళ్లు కేసు పెడ్తరని పరేషాన్. మధ్యాహ్నం వనజ మేడం ఫోన్ వచ్చింది. మాట్లాడుకుంట బయిటికి పోయినోడు నవ్వుకుంట లోపటికొచ్చిండు.

"కోపానికి రాలేదే! ఇంక మంచిగైందన్నది. ఇప్పుడు గుండు. దినాం కొన్ని కొన్ని వస్తయి గదా. వచ్చేటివి దినాం ఫోటో తీసి పెట్టుమన్నది. సీస పక్కన పెట్టి."

"గుండు చేసుకుంటే ఎంటికలు రాక జొన్నలు మొలుస్తయా?"

"గది నీకెర్క, నాకెర్క. సూసేటోళ్లకు ఎట్ల ఎర్కైతది? నువ్వు చెప్పకుంటే సాలు."

నా వల్ల గాదని గట్టిగ చెప్పిన.

జూలై 2

అరుణ్ రోజు పొద్దుగాల "అవ్వా, జర ఇటు సూడు" అని నెత్తి ఫోటో తీస్తుండు. యాదికుంటదని తీస్తున్న అన్నడట ఆమెతోని. పాపం నవ్వుతది.

జూలై 18

రాసిన. వీడియోల మాటలు వేరేటోళ్లు రాస్తే ఉన్నయి లేనియి రాస్తరు. నేను రాస్తే కనీసం అబద్ధం లేకుంట రాస్త, అందుకే ఒప్పుకున్న.

"జూన్ల మా అత్తమ్మ నెత్తి మీద ఒక్క ఎంటిక లేకుండె. ఇయ్యాల మీరే సూడుండ్రి." గంతే. తర్వాత సీస కనవడుతది. సీస గురించి నేనేం అనలే. సదివి సదివి చూసిన, ఒక్క అబద్ధం గూడ లేదు.

జూలై 19

ఒక్క అబద్ధం గూడ లేదు.

జూలై 21

లచ్చలమంది చూసిన్రట. కామెంట్లు సదువుకుంట కూసున్న, అన్నం మాడిపోయింది. ఎవలో ఒకాయన "అయ్యా, గీ అవ్వకు ఎంటికలు ఊడలేదు, ఏములాడల గుండు చేయించుకుంటుంటే నేను చూసిన" అని పెట్టిండు. ఇగ అయిపోయింది అనుకున్న. కాని ఏమైందో ఎర్కేనా? అందరు ఆయన మీదనే పడ్డరు. నీకెందుకురా గంత కుళ్లు, ముసలవ్వ మంచిగైతే ఓరుస్తలేవా, నీకు బట్టతల కావచ్చు అని తిట్టుడే తిట్టుడు. సాయంత్రం వరకు ఆయన తన మాట తీసేసిండు. నిజం చెప్పినోడు ఒక్కడు, వాడు గూడ భయపడ్డడు.

నాకు పాణం తేలికైంది. గా తేలికైనందుకు మళ్ల చెడ్డగనిపిచ్చింది.

ఈ మధ్యల నా ఎంటికలు దువ్వెనల తక్కువస్తున్నయి. వానకాలం కదా, అందుకే కావచ్చు. గింతమంది గా నూనె పెడ్తున్నరంటే మరి అందరు పిచ్చోళ్లా?

జూలై 28, ఆదివారం

బుచ్చవ్వ ఫోన్ల అత్తమ్మ చూసింది.

నేను బట్టలు ఆరేస్తున్న. వచ్చి నా ముందట నిలవడ్డది. "గీ గొంతు నీదేనా?" అన్నది.

"అత్తమ్మా, అండ్ల అబద్ధమేం..."

"గొంతు నీదేనా అని అడిగిన."

"నాదే."

"దేవునికిచ్చినదాన్ని తీస్కపోయి అంగట్ల పెట్టిన్రా?" గంతే అన్నది. ఇంకా తిట్టితే బాగుండు. తిట్టలే. చెప్పులేసుకొని గల్లీ మూల మీది సెలూన్‌కు పోయింది. మొగోళ్ల నడుమ కుర్చీల కూసోని, అప్పటిదాక వచ్చిన ఎంటికలు మళ్ల మొత్తం తీపిచ్చుకొని వచ్చింది. అరుణ్ నెత్తి పట్టుకొని అరుగు మీద కూలవడ్డడు.

వచ్చేటప్పుడు కిరాణం కాడ ఆగి, "నేనే తీపిచ్చుకున్న, నూనె లేదు గీనె లేదు, ఎవలు కొనకుండ్రి" అని అందరికి చెప్పిందట. దుకాణపాయన పకపక నవ్వి, "అవ్వా, నీ యాక్టింగ్ మస్తుంటది" అని ఆమె చేతుల ఒక సీస పెట్టి సెల్ఫీ దిగిండట. గా ఫోటో చూసి ఇంకా ఎక్కువ కొన్నరు.

ఆగస్టు 4

అత్తమ్మ నాతోని మాట్లాడుతలేదు. బువ్వ పెడ్తది. మాట్లాడది. నెత్తి మీద నూగు కనవడితే సాలు, సెలూన్‌కు పోతది.

ఆగస్టు 7

సీస అయిపోయింది. రెండోది ఇప్పలే. ఇంక ఇప్పలే.

ఆగస్టు 12, సోమవారం

అయినదంత అయినట్టే రాస్త.

దవఖానల టోకెన్లు పిలుస్తున్న. "ప్రవళిక" అని పిలిస్తే ఒకామె గబగబ కౌంటర్ కాడికి వచ్చి నా మొకం దిక్కే సూడవట్టింది. ఆదిలాబాద్ దిక్కోళ్లు, మాటల మరాఠీ కలుస్తది, అక్కా అనేకాడ తాయీ అంటది. పేరు శంకరవ్వ. ఎన్క బిడ్డ ప్రవళిక నిలవడ్డది, ఇంటర్ సదివే పిల్ల, నెత్తికి స్కార్ఫ్ గట్టిగ సుట్టుకున్నది.

"గీ గొంతు నాకెర్కే తాయీ! నువ్వు రామవ్వ కోడలివి!" అన్నది. సంచిలకెళ్లి సీస తీసి కౌంటర్ మీద పెట్టింది. సగమైంది. "క్యాన్సర్ మందులకు నా బిడ్డవి మొత్తం పోయినయి. కాలేజీకి పోనంటది, అద్దం సూడనంటది. మీ వీడియో సూసిన దినమే జర నవ్వింది. మీ అవ్వకు ఎన్నొద్దులకు వచ్చినయి? మేం రాస్తనే ఉన్నం, ఇంక రాలే."

నేను "వస్తయి" అనొచ్చు. డాక్టర్ సార్ గూడ అదే అంటడు, మందులు ఆపినంక వస్తయని. అది గూడ అబద్ధం గాదు. కాని పిల్ల నా మొకమే చూస్తుంది. నా నోరు గా మాట అనలే.

"శంకరవ్వా, మా అత్తమ్మవి ఊడలే. ఏములాడల మొక్కు కోసం గుండు చేయించుకున్నది. గుండు మీద ఎవలకన్న వస్తయి. గా నూనె వల్ల కాదు."

ఆమె ఫోన్ తీసి వీడియో పెట్టింది. సౌండ్ పెద్దగ. నా గొంతు నాకే వినవడ్డది, మా అత్తమ్మ నెత్తి మీద ఒక్క ఎంటిక లేకుండె అని. లైన్ల ఉన్నోళ్లందరు ఇటే చూసిన్రు.

"గప్పుడు అబద్ధమాడినవా, గిప్పుడు ఆడుతున్నవా?"

"గప్పుడే" అన్న. గా మాట నోట్లకెళ్లి బయిటికి రావుడు మొదటిసారి.

నమ్మలే. "మీరు పెద్దోళ్లైన్రు. మా అసొంటోళ్లకు మంచిగైతే మీకేం బాధ తాయీ? మందు పెట్టే తరీకా ఏందో దాసిపెట్టుకుంటున్నరు. నాకు అవ్వను సూపియ్యి. అవ్వ నోటితోనే వింట."

పర్మిషన్ పెట్టి ఆటోల ఇంటికి తోలుకొచ్చిన.

అత్తమ్మ దర్వాజ కాడ కూసున్నది. నిన్ననే తీపిచ్చుకున్నది, నెత్తి నున్నగున్నది. శంకరవ్వ ఆమెను సూడంగనే గడప కాడ్నే కూలవడ్డది. "అయ్యో, మళ్ల ఊడినయా అవ్వా! నీకే నిలువలేదా!" అని ఏడుసుడు పెట్టింది. నేను ఏం చెయ్యాల్నో తెల్వక నీళ్లు తెచ్చిచ్చిన.

"ఊడలే బిడ్డా. నేనే తీపిచ్చుకున్న" అన్నది అత్తమ్మ.

"ఎందుకు తీపిచ్చుకున్నవ్?"

"నా కోడలు బతికిందని ఒకసారి. గా మొక్కును అది అమ్ముకున్నదని ఇంకోసారి."

పదిహేను దినాల తర్వాత నా గురించి అన్న మొదటి మాట. పరాయోళ్ల ముందట అన్నది. భూమి పగిలితే అండ్ల పోదామనిపిచ్చింది. కాని అబద్ధం లేదు అండ్ల, ఒక్కటి గూడ.

శంకరవ్వ ఏడుపాపింది. నమ్మిందనే అనుకుంటున్న. సీస మాత్రం పారెయ్యలే, కొంగుతోని తుడిసి మళ్ల సంచిలనే పెట్టుకున్నది. నేనేమనాలె ఆమెను?

పిల్ల మెల్లగ పోయి అత్తమ్మ పక్కన కూసున్నది. "అవ్వా, ఎండకు నెత్తి మండుతదా నీకు?"

"మస్తు మండుతది. తడి కొంగేసుకుంట. నీకు?"

"మండుతది. గీ స్కార్ఫ్‌ల ఇంకా ఉడుకుతది."

"మరి తియ్యి. నా ముందట నీకేం సిగ్గు, సూడు, నీకన్న నున్నగున్నది నాది."

పిల్లకు నవ్వొచ్చింది. తీసింది. అత్తమ్మ గా నెత్తి మీద చెయ్యేసి మెల్లగ రాసింది, నూనె లేకుంట, ఉత్త చెయ్యితోని. "నీవి మందులు గుంజుకున్నయి. మందులు ఆపంగనే వస్తయి. రానన్ని దినాలు గిట్ల కూసో, ఏమైతది?" అన్నది. ఇద్దరు మొకాలు మొకాలు చూసుకొని నవ్విన్రు.

గప్పుడు దర్వాజకెళ్లి ఎండ ఇద్దరి మీద పడుతుంది. వెలుతురు మంచిగున్నది, గిది పెడితే కోటిమంది సూస్తరు అనిపిచ్చింది. అరుణ్‌కు గాదు, ముందుగాల నాకే అనిపిచ్చింది. సిగ్గుతోని సచ్చిపోయినంత పనైంది. అంతట్లనే లోపటి అర్రలకెళ్లి అరుణ్ వచ్చిండు. చేతుల ఫోన్ ఉన్నది.

"అవ్వా, గట్లనే ఉండు, కదలకు" అన్నడు. పిల్ల చెయ్యి ఉలిక్కిపడి స్కార్ఫ్ మీదికి పోయింది.

పోయి వాని ముందట అడ్డం నిలవడ్డ.

"జరుగే."

"జరుగ."

"ఒక్క నిమిషమే సృజనా, నీకు సమజైతలేదు."

"మంచిగనే సమజైతుంది."

ఫోన్ ఎడమ దిక్కు పట్టిండు, ఎడమకు జరిగిన. కుడి దిక్కు పట్టిండు, కుడికి జరిగిన. నా ఎన్క పిల్ల ఏదో అడుగుతుంది, అత్తమ్మ ఏదో చెప్తుంది, ఇద్దరు మళ్ల నవ్వుతున్నరు. నేను మాత్రం తిరిగి సూడలే. సూస్తే నాకు గూడ ఫోన్ తియ్యాలనిపిస్తది.